ముక్కు మూసుకుంటే మనసు శుద్ధి అవుతుందా?

విహారాల్లో ఆదివారం వందన ముగిశాక, ధమ్మ తరగతుల్లో, బస్తీ సమావేశాల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. త్రిశరణ పంచశీలాలు స్వీకరించిన ఉపాసకులు, ఉపాసికలు నాడీశోధన ప్రాణాయామం చేయవచ్చా? డాక్టరు చెప్పారనో, టీవీలో చూశామనో, పార్కులో పక్కవారు చేస్తున్నారనో మనవాళ్లు చాలామంది పొద్దున్నే ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో ఊపిరి తీస్తున్నారు. చేస్తే హాయిగా ఉందంటారు. కానీ అదే మనిషి మనసులో ఒక ముల్లు కూడా గుచ్చుకుంటోంది. బాబాసాహెబ్ చూపిన దారిలో నడుస్తూ, వదిలిపెట్టి వచ్చిన ఇంటి వస్తువును దొంగచాటుగా తెచ్చుకుంటున్నామా అన్నది ఆ ముల్లు.

దీనికి మనలో రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. అది బ్రాహ్మణుల విద్య, ముట్టుకోవద్దు అని కొందరు. గాలికి కులమేమిటి, ఆరోగ్యం కోసం చేస్తే తప్పేమిటి అని మరికొందరు. మొదటి జవాబులో ఆత్మగౌరవం ఉంది. అయితే 'ముట్టుకోవద్దు' అన్న మాట మన నోటి నుంచి రావడం గురించి ఒక్కసారి ఆలోచించాలి. రెండో జవాబులో ఇంగితం ఉంది. అయితే గాలికి కులం లేకపోయినా గాలి పేరుతో చెప్పే మాటలకు ఉండవచ్చు. రెండూ తొందరపాటు జవాబులే. బుద్ధుడు కాలాములకు చెప్పింది వినగానే నమ్మవద్దని, వినగానే తోసెయ్యవద్దని కూడా. కాబట్టి పరిశీలిద్దాం.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. కుడి బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీలుస్తారు. తర్వాత ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి, కుడి ముక్కుతో వదులుతారు. మళ్లీ కుడితోనే పీల్చి ఎడమతో వదులుతారు. ఇది ఒక చుట్టు. మధ్యలో గాలిని బిగపడితే దాన్ని కుంభకం అంటారు. ఇప్పుడు అనులోమ విలోమం పేరుతో నేర్పే చాలాచోట్ల ఆ బిగపట్టడాన్ని వదిలేస్తున్నారు.

దీనివల్ల శరీరంలో ఏం జరుగుతుంది? ఎడమ ముక్కుతో పీల్చిన గాలి ఎడమ ఊపిరితిత్తికి మాత్రమే పోదు. రెండు రంధ్రాలూ ముక్కు వెనక ఒకచోటే కలుస్తాయి. ఒకే శ్వాసనాళం గుండా గాలి రెండు ఊపిరితిత్తులకూ చేరుతుంది. యోగ గ్రంథాలు చెప్పే ఇడ, పింగళ, సుషుమ్న నాడులు శరీరాన్ని కోసి చూస్తే కనిపించేవి కావు. ముక్కు రంధ్రాలు వంతులవారీగా పనిచేస్తాయన్న మాటలో మాత్రం నిజం ఉంది. లోపలి పొర ఒకవైపు ఉబ్బి మరోవైపు తగ్గుతుంది, కొన్ని గంటల తర్వాత అది మారుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. మనం వేలు పెట్టినా పెట్టకపోయినా, మనం ఏ మతంలో ఉన్నా అది జరుగుతూనే ఉంటుంది.

మరి హాయి ఎక్కడి నుంచి వస్తోంది? మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక్క ముక్కుతో తీసేటప్పుడు దారి ఇరుకవుతుంది కాబట్టి వేగం తగ్గుతుంది. అది నిమిషానికి ఆరేడుకు దిగినప్పుడు, ముఖ్యంగా వదిలే ఊపిరి పొడవైనప్పుడు, వేగస్ నాడి ద్వారా గుండె వేగం నెమ్మదిస్తుంది, శరీరం విశ్రాంతి వైపు మొగ్గుతుంది. దానికి తోడు వేలు మార్చడం మీద ధ్యాస ఉండటంతో మనసు కాసేపు వేరే చింతల నుంచి తప్పుకుంటుంది. ఇంతవరకు ఇది శరీరధర్మం. నడక లాంటిది, ఈత లాంటిది. అయితే ఇది మందుకు బదులు కాదు. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ మానేసి, రక్తపోటు ఉన్నవారు మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోకూడదు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగపట్టకూడదు. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపిక కూడా ప్రాణాయామం తప్పుగా చేస్తే ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి వస్తాయని హెచ్చరించింది.

ఇక ఇది ఎవరి విద్య అన్న మాట. ఇక్కడ చరిత్ర ఒక్క గొంతుతో మాట్లాడదు.

ఒకవైపు మనుస్మృతి ఉంది. ఆరో అధ్యాయంలో ఓంకారంతో, వ్యాహృతులతో చేసే మూడు ప్రాణాయామాలు బ్రాహ్మణుడికి గొప్ప తపస్సు అని మనువు అన్నాడు. కొలిమిలో ఊదితే లోహంలోని మలినం కాలిపోయినట్టు, ఊపిరిని నిగ్రహిస్తే ఇంద్రియాల దోషాలు కాలిపోతాయన్నాడు. పదకొండో అధ్యాయంలో ఇంకా ముందుకు పోయాడు. రోజుకు పదహారు ప్రాణాయామాల చొప్పున ఒక నెల చేస్తే భ్రూణహత్య చేసినవాడు కూడా శుద్ధుడవుతాడట. అదే అధ్యాయంలో పిల్లిని, ముంగిసను, కప్పను, కుక్కను చంపినవాడికి శూద్రుణ్ణి చంపినవాడి ప్రాయశ్చిత్తమే చాలన్నాడు. ఊపిరి ఎవరి పాపాన్ని కడుగుతుందో, ఎవరి ప్రాణం ఎంత చౌకో ఒకే పుస్తకం నిర్ణయించింది. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్, ఆయన సహచరులు తగలబెట్టింది ఆ పుస్తకాన్నే. సంధ్యావందనంలో ముక్కు పట్టుకుని గాయత్రి జపించే హక్కు ఎవరికి ఉండేదో, ఎవరికి లేదో మన తాతలకు తెలుసు.

మరోవైపు వేరే చరిత్ర ఉంది. హఠయోగ పద్ధతులను వివరించిన తొలి గ్రంథాల్లో అమృతసిద్ధి ఒకటి, సుమారు పదకొండో శతాబ్దానిది. అది వజ్రయాన బౌద్ధుల వాతావరణంలో పుట్టిందని జేమ్స్ మాలిన్సన్ అనే పరిశోధకుడు చూపించారు. బౌద్ధ సిద్ధులు ఆ మూడు నాడులను లలన, రసన, అవధూతి అని పిలిచారు. 1907లో నేపాల్‌లో హరప్రసాద్ శాస్త్రికి దొరికిన చర్యాపదాలు ఆ సిద్ధుల పాటలే. డోంబి, శబర వంటి పేర్లు ఆ కవుల్లో ఉన్నాయి. ఊరి బయట గుడిసెలో ఉండే డోంబి స్త్రీని కాణ్హపాదుడు తన పాటలో పిలుస్తాడు. టిబెట్ బౌద్ధంలో ధ్యానానికి ముందు ముక్కు రంధ్రాలు మార్చి మార్చి తొమ్మిది సార్లు ఊపిరి వదిలే పద్ధతి ఇప్పటికీ ఉంది. సుమారు పదమూడో శతాబ్దపు దత్తాత్రేయ యోగశాస్త్రం అయితే బ్రాహ్మణుడైనా, శ్రమణుడైనా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చార్వాకుడైనా శ్రద్ధగా అభ్యాసం చేస్తే ఫలితం ఉంటుందని చెప్పింది. దేవుణ్ణి నమ్మని చార్వాకుడికి కూడా అందులో చోటుంది.

ఇంతమంది చేతులు మారిన విద్య మీద ఎవరూ పట్టా రాయించుకోలేరు. బ్రాహ్మణులదని మనం అంటే, వాళ్లకు లేని హక్కును మన చేతులతో మనమే రాసిచ్చినట్టు. మనదే అని జబ్బలు చరుచుకోవడం కూడా దండగే. బౌద్ధుల దగ్గర పుట్టినంత మాత్రాన ఒక పద్ధతి ధమ్మం అయిపోదు. ధమ్మం కావాలంటే అది బుద్ధుడి పరీక్షకు నిలబడాలి.

ఆ పరీక్షను బుద్ధుడు తన శరీరం మీదే చేశాడు. మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో ఆ వివరం ఉంది. బోధికి ముందు ఆయన నోటి నుంచి, ముక్కు నుంచి ఊపిరిని పూర్తిగా ఆపి చూశాడు. అప్పుడు చెవుల్లోంచి గాలి, కమ్మరి తిత్తి ఊదినప్పుడు వచ్చే శబ్దంతో బయటికి వచ్చింది. చెవులు కూడా మూసి ఆపితే కత్తి మొనతో తల చీల్చినట్టు, తోలు పట్టీ తలకు బిగించినట్టు, కసాయి కత్తితో కడుపు కోసినట్టు బాధ కలిగింది. మనువు కొలిమి ఊదడంలో శుద్ధిని చూశాడు. బుద్ధుడు అదే కొలిమి తిత్తిలో వృథా బాధను విన్నాడు. ఆ మార్గం దుఃఖాన్ని తొలగించదని తేల్చుకుని వదిలేశాడు. చిన్నతనంలో తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు నీడలో కూర్చున్నప్పుడు కలిగిన ప్రశాంతత గుర్తుకొచ్చింది. శరీరాన్ని హింసించకుండానే ఆ దారిన పోవచ్చునని గ్రహించి, అన్నం తిన్నాడు.

బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు – ఆయన ధమ్మం' మొదటి భాగంలో ఈ ఘట్టాన్ని వదల్లేదు. ఆనాటి ధ్యానమార్గాల్లో ఆనాపానసతిని ఒకటిగా, పూరక, కుంభక, రేచకాలతో చేసే ప్రాణాయామాన్ని వేరొకటిగా చెప్పారు. మగధలో శ్వాసను ఆపేసే పద్ధతిని గౌతముడు అభ్యసించి పడిన యాతననూ చెప్పారు. అంటే శ్వాసాభ్యాసం ఏదీ చూడకుండా తోసేసింది కాదు. చేసి, చూసి, బేరీజు వేసిన విషయం.

ఆనాపానసతికీ నాడీశోధనకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. నాడీశోధనలో ఊపిరిని మనం నడిపిస్తాం. ఆనాపానసతిలో ఊపిరి నడుస్తుంటే మనం తెలుసుకుంటాం. పొడవైన ఊపిరి వస్తే పొడవైనదని, పొట్టిది వస్తే పొట్టిదని. సతిపట్ఠాన సుత్తంలో దీనికి బుద్ధుడు ఇచ్చిన పోలిక కొయ్యను తిప్పుతూ చెక్కే పనివాడు. పెద్ద తిప్పు తిప్పేటప్పుడు పెద్దదని, చిన్నది తిప్పేటప్పుడు చిన్నదని అతనికి తెలుస్తూనే ఉంటుంది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తయారుచేసే వారిని చూసినవారికి ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. చెయ్యి పని చేస్తుంటే కన్ను దాన్ని విడవదు. బుద్ధుడు మనసును వివరించడానికి యజ్ఞశాలకు పోలేదు, పనివాడి దగ్గరికి వెళ్లాడు.

కాబట్టి ఐదారు చుట్లు నాడీశోధన చేసి, శరీరం కుదుటపడ్డాక ఆనాపానసతికి కూర్చుంటే అందులో విరోధం లేదు. మొదటిది వ్యాయామం, రెండోది సాధన. మొదటిదాన్నే రెండోదనుకుంటే మాత్రం దారి తప్పుతాం. ముక్కు మార్చడంలో నేర్పు ఎంత పెరిగినా లోభం, ద్వేషం, మోహం తగ్గాయో లేదో ఆ నేర్పు చెప్పదు.

ఇప్పుడు అసలు చిక్కు. అది ఊపిరిలో లేదు, 'శోధన' అన్న మాటలో ఉంది. శోధన అంటే శుద్ధి చేయడం. ఏది మురికి? ఎవరు మురికి? ఈ దేశంలో శుద్ధి అన్న మాట ఒంటరిగా రాదు, అశుద్ధుణ్ణి వెంటబెట్టుకుని వస్తుంది. బావి శుద్ధి, గుడి శుద్ధి, వీధి శుద్ధి అన్నవి మన పెద్దలు తాకినందుకు జరిగిన తంతులు. మహాడ్ చవదార్ చెరువు నీళ్లు మనవాళ్లు తాగారని 1927లో సవర్ణులు ఆ చెరువును కుండలతో పంచగవ్యం పోసి శుద్ధి చేశారు. అలాంటి మాటను పొద్దున్నే కళ్లు మూసుకుని లోపలికి పీల్చుకునే ముందు కొంచెం ఆగాలి.

ఈ విషయంలో మనకు దారి చూపినది ఒక దాసి. థేరీగాథలోని పుణ్ణికా థేరి శ్రావస్తిలో అనాథపిండికుడి ఇంట్లో నీళ్లు మోసే దాసిగా ఉండేది. యజమానురాలి దెబ్బలకు భయపడి చలిలోనూ నదిలో దిగేది. అదే చలిలో వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసి, నువ్వు ఎవరికి భయపడి దిగావని అడిగింది. పాపం కడుక్కోవడానికి అన్నాడతను. నీళ్లే పాపం కడిగితే కప్పలు, తాబేళ్లు, మొసళ్లు ముందుగా స్వర్గానికి పోవాలి కదా అని ఆమె నిలదీసింది. పాపాన్ని కడిగే నీళ్లు పుణ్యాన్ని మాత్రం ఎందుకు వదులుతాయని కూడా అడిగింది. ఆ బ్రాహ్మణుడు చివరికి త్రిశరణాలు తీసుకున్నాడు. పుణ్ణిక తర్కాన్ని గాలికి వర్తింపజేయడం కష్టమేమీ కాదు. ఊపిరి ఆడించడమే శుద్ధి అయితే కమ్మరి తిత్తి, పంచర్ షాపులో గాలి కొట్టే యంత్రం మనందరికంటే ముందే నిర్వాణం పొంది ఉండాలి.

బుద్ధుడు శుద్ధిని చర్మం మీద నుంచి, నీటి నుంచి, పుట్టుక నుంచి తీసి మనిషి చేతల్లో పెట్టాడు. ఇది మన ధమ్మానికి గుండెకాయ. పంచశీలాలు పాటించేవాడి ముక్కు మూసుకుపోయినా అతను శుద్ధుడే. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టేవాడు రోజుకు ఎనభై కుంభకాలు చేసినా ఆ గ్లాసు అక్కడే ఉంటుంది. అందుకే మేము మా తరగతుల్లో ఆ పేరు వాడం. 'మార్చి మార్చి ఊపిరి తీయడం' అంటాం. పేరు మారిస్తే ఏమొస్తుందని కొందరు నవ్వుతారు. పేరు మార్చుకుని, ఇంటిపేరు మార్చుకుని, నమస్కారం మార్చుకుని ఇంత దూరం వచ్చిన మనకు పేరు విలువ తెలుసు.

ఇదే ఊపిరి ప్రభుత్వ కార్యక్రమమైనప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్‌లో తీర్మానించాక 2015 నుంచి జూన్ 21న యోగా దినం జరుగుతోంది. 2025లో విశాఖపట్నం సాగరతీరంలో ప్రధాని సమక్షంలో భారీగా జరిగింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన సాధారణ యోగా విధానంలో నాడీశోధన ఉంది. అది వేద ప్రార్థనతో మొదలవుతుంది. వ్యాయామానికి అభ్యంతరం లేదు. ప్రార్థన సంగతేమిటి అని మన పిల్లలు అడుగుతున్నారు. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న మిగతా సంస్థల్లో మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మైనర్లయితే సంరక్షకుల సమ్మతి కావాలి. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు, జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి పాడకుండా ఉన్న ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని చెప్పింది. ఆ తీర్పు స్ఫూర్తితో మన పిల్లలకు మనం చెప్పగలిగింది ఇది: నలుగురితో పాటు కూర్చో, ఊపిరి తియ్యి, మొక్కాలనిపించని చోట మౌనంగా ఉండు. ఎవరినీ ఎగతాళి చెయ్యకు. నిన్ను బలవంతం చేస్తే ఇంట్లో చెప్పు.

చివరగా, సతిపట్ఠాన సుత్తం దగ్గరికే మళ్లీ వద్దాం. అందులో శ్వాసను గమనించమన్న తర్వాత వచ్చే మాటను చాలామంది దాటేస్తారు. తనలోని కాయాన్ని గమనించాలి, బయటి కాయాన్ని గమనించాలి, రెండింటినీ గమనించాలి అని అక్కడ ఉంది. 'బయట' అంటే ఇతరులు అని అట్ఠకథల వివరణ. నా ఊపిరి తెలిసినట్టే పక్కవాడి ఊపిరి కూడా తెలియాలి.

పక్కవాడి ఊపిరి ఎలా ఉంది? మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషికి మార్చి మార్చి తీసుకోవడానికి రెండు ముక్కులున్నా పీల్చడానికి గాలి లేదు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. మొదటి మనిషి పడిపోతే కాపాడటానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు. 2013 చట్టంలోని ఏడో సెక్షన్ మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ సామగ్రి లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి ఇలా చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న బలరామ్ సింగ్ కేసులో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. కోలార్ బంగారు గనుల ఊళ్లో పారిశుధ్య కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికే జీవితమంతా ఇచ్చారు. చట్టం ఉంది, తీర్పులున్నాయి. అయినా దిగుతున్నవారు ఎవరి పిల్లలో మనకు తెలుసు. ఊరి మురికిని ఎత్తేవాణ్ణి మురికివాడని పిలిచి, ముక్కు మూసుకుని శుద్ధి అయ్యే సమాజంలో శోధన ఎక్కడ జరగాలో వేరే చెప్పాలా?

ఊపిరి సాధన మనల్ని నెమ్మదింపజేయాలి, నిజమే. కానీ నెమ్మది రెండు రకాలు. ఒకటి, కోపాన్ని దింపి పనికి సిద్ధం చేసేది. రెండోది, ఏం జరిగినా నాకేమిటి అనిపించేది. ఆకలితో, అవమానంతో ఉన్నవాడికి 'ఊపిరి పీల్చుకో, అంతా సర్దుకుంటుంది' అని చెప్పడం రెండో రకం. మొదటిది కరుణకు తోడు, రెండోది కరుణకు శత్రువు. చేస్తున్న సాధన ఏ రకమో తేల్చుకోవడం కష్టం కాదు. లేచాక మన కాళ్లు ఎటు నడుస్తున్నాయో చూసుకుంటే చాలు.

కాబట్టి మా జవాబు ఇది. శరీరానికి మేలు అనిపిస్తే చేయండి, డాక్టరును అడిగి చేయండి, బిగపట్టకుండా చేయండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో దేనికీ అది భంగం కాదు. కానీ దాన్ని శుద్ధి అని నమ్మితే, దాంతో పాపం పోతుందనుకుంటే, చేసేవాడు చెయ్యనివాడికంటే పైవాడనుకుంటే, అక్కడ ప్రతిజ్ఞకు భంగం వచ్చింది. చుట్లు పూర్తయ్యాక వేళ్లు ముక్కు మీద నుంచి తీసేయండి. కాసేపు ఆనాపానసతిలో కూర్చోండి. తర్వాత మీ వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసి ఎవరైనా దిగబోతుంటే వెళ్లి ఆపండి, మునిసిపాలిటీకి ఫోన్ చేయండి, యంత్రం వచ్చేదాకా అక్కడే నిలబడండి.

నమో బుద్ధాయ. జై భీం.